రెండు లక్షల కిలోమీటర్లు దాటిన కంపెనీ బండి: బాగుచేయించాలా, అమ్మేయాలా?

మార్చి నెలాఖరు దగ్గర పడుతుంటే మా ఆఫీసులో ఈ మాట తప్పకుండా వస్తుంది. "ఆ పాత పికప్ అమ్మేద్దామా?" అని మా సారు అడుగుతారు. "ఇంజిన్ పని చేయిస్తే ఇంకో లక్షన్నర కిలోమీటర్లు దిగులు లేకుండా తిరుగుతుందండీ" అంటాడు డ్రైవరు. విజయవాడ నుంచి గుంటూరు, ఏలూరు, మచిలీపట్నం వైపు సరుకు వేసే కంపెనీ మాది. బండ్ల వ్యవహారం చూసేది నేనే కాబట్టి ఆ లెక్క తేల్చాల్సిందీ నేనే.

ఇన్నేళ్లలో కొన్ని బండ్లను తొందరపడి అమ్మాను. కొన్నింటిని అమ్మాల్సిన రోజు దాటిపోయాక కూడా బాగుచేయిస్తూ వచ్చాను. కంపెనీకి ఎక్కువ నష్టం తెచ్చింది ఈ రెండో తప్పే. "మొన్ననే కదా క్లచ్ వేయించాం, ఇప్పుడు అమ్మితే ఆ డబ్బు దండగైపోదా?" అన్న ఆలోచన ప్రతిసారీ చెయ్యి పట్టుకుని ఆపేది. ఆ డబ్బు బండి ఉంచుకున్నా పోయినట్టే, అమ్మినా పోయినట్టే. అందుకే ఇప్పుడు నేను ఒక్కటే అడుగుతాను. ఈ రోజు నుంచి రెండేళ్లు ఈ బండిని నడిపితే కిలోమీటరుకు ఎంత పడుతుంది? దీన్ని అమ్మి ఇంకోటి తెస్తే ఎంత పడుతుంది? ఇప్పటిదాకా పెట్టిన ఖర్చును ఈ లెక్కలోకి రానివ్వను.

మీటరు చెప్పేది సగమే

రెండు లక్షల కిలోమీటర్లు అనగానే బండి అయిపోయిందనుకునేవాళ్లు చాలామంది. హైవే మీద విజయవాడ నుంచి విశాఖకు వారానికి రెండు ట్రిప్పులు కొట్టిన ఇన్నోవాకు ఆ రెండు లక్షలు పెద్ద లెక్క కాదు. ఒకసారి స్టార్ట్ చేస్తే గంటల తరబడి ఒకే వేగంలో, ఒకే గేరులో పోతుంది. ఇంజిన్‌కు అంతకన్నా సుఖం లేదు. అదే వన్‌టౌన్ సందుల్లో రోజుకు నలభై చోట్ల ఆగి సరుకు దించే టాటా ఏస్ లక్షా ఇరవై వేలకే నలిగిపోతుంది. ఆగిన ప్రతిసారీ క్లచ్, బ్రేకు, స్టార్టర్ మోటారు అరుగుతాయి. పైగా సందుల్లో ఇంజిన్ ఆపకుండా నిలబెట్టిన సమయం మీటరులో ఎక్కడా కనబడదు.

బీఎస్6 అనే కొత్త పొగ నిబంధనల డీజిల్ బండ్లు వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. సైలెన్సర్ దారిలో ఉండే డీపీఎఫ్ అనే ఫిల్టర్ మసిని పట్టి ఉంచుతుంది. బండి కొంతసేపు మంచి వేగంతో పోతే ఆ వేడికి మసి కాలిపోయి ఫిల్టర్ శుభ్రమవుతుంది. ఊళ్లోనే తిరిగే బండికి ఆ అవకాశం రాదు. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, డ్రైవరు పట్టించుకోడు, చివరికి ఫిల్టరే మార్చాల్సి వస్తుంది, అది ఖరీదైన పని. మీ బండి ఊరి పనికే అయితే, బాగుచేయించి మళ్లీ అదే పనికి పెట్టేముందు ఈ సంగతి ఆలోచించండి. మా దగ్గర అలాంటి ఒక బండిని హైవే రూటుకు మార్చాం. గొడవ ఆగిపోయింది.

కాబట్టి మీటరుతో పాటు చూడాల్సినవి ఇంకో మూడున్నాయి. గడిచిన ఏడాది బండి ఎన్ని రోజులు షెడ్డులో పడుంది? వెయ్యి కిలోమీటర్లకు ఇంజిన్ ఆయిల్ ఎంత తాగుతోంది? ఒకే రోగం మళ్లీ మళ్లీ వస్తోందా, ప్రతిసారీ కొత్త రోగమా? ఈ మూడింటికీ జవాబు బండి వారీగా రాసిన నోటుబుక్కులో ఉండాలి. పెద్ద సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. తేదీ, మీటరు, చేసిన పని, అయిన ఖర్చు, ఆగిన రోజులు, ఈ అయిదు గళ్లు చాలు. కొంత కాలం రాశాక ఆ పుస్తకం డ్రైవరు మాటకన్నా, మెకానిక్ మాటకన్నా గట్టిగా మాట్లాడుతుంది.

ఒక పికప్ లెక్క

లెక్క ఎలా వేస్తానో ఒక ఉదాహరణతో చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, మీ బండివి మీరు వేసుకోండి. ఏడేళ్ల డీజిల్ పికప్, 2,40,000 కిలోమీటర్లు తిరిగింది. ఏడాదికి 36,000 తిరుగుతుంది, అంటే రెండేళ్లకు 72,000.

ముందు బాగుచేయించే దారి చూద్దాం. ఇంజిన్ పని 90,000, క్లచ్ సెట్టు 15,000, వెనక కమాన్ కట్టలు, బుష్‌లు 20,000, మొత్తం 1,25,000. ఆ తర్వాత మామూలు సర్వీసు, చిన్న రిపేర్లు ఏడాదికి 40,000 చొప్పున 80,000. బండి ఈ రోజు ఉన్నదున్నట్టు అమ్మితే పన్నులు పోను చేతికి 2,40,000 వస్తుందనుకుందాం. రెండేళ్ల తర్వాత 1,60,000 వస్తుంది. ఆ తగ్గిన 80,000 కూడా ఖర్చే. ఇంతవరకు 2,85,000, కిలోమీటరుకు నాలుగు రూపాయల లోపే.

కొత్త బండి దారి వేరు. ఆన్ రోడ్ 10,50,000. పాతది అమ్మిన డబ్బు పోను 8,10,000 అప్పు. రెండేళ్ల వడ్డీ సుమారు 1,30,000. రెండేళ్లకు బండి ధర 7,50,000కి పడిందనుకుంటే తరుగు 3,00,000. సర్వీసు 50,000. ఇన్సూరెన్సులో అదనంగా 30,000. మొత్తం 5,10,000. కిలోమీటరుకు ఏడు రూపాయల పైన.

చాలామంది ఇక్కడే ఆగిపోయి "చూశారా, రిపేరే చవక" అంటారు. ఇంకా రెండు ఖర్చులు కలపాలి. పాత బండి కొత్తదానికన్నా ఏడాదికి ఇరవై రోజులు ఎక్కువ ఆగుతుంది. ఆ రోజుల్లో సరుకు ఆగదు, అద్దె బండి పెట్టాలి. రోజుకు 3,000 అనుకుంటే రెండేళ్లకు 1,20,000. ఇంకోటి మైలేజీ. పాతది లీటరుకు 12, కొత్తది 13.5 ఇస్తే 72,000 కిలోమీటర్లకు 667 లీటర్లు ఎక్కువ తాగుతుంది. డీజిల్ లీటరు 97 చొప్పున సుమారు 64,700. ఇవి కలిపితే పాత బండి ఖర్చు 4,69,700 అవుతుంది. కిలోమీటరుకు ఆరున్నర.

మూడు రూపాయలుందనుకున్న తేడా అర్ధరూపాయికి వచ్చేసింది. మొత్తం మీద పాత బండి వైపు మిగిలింది 40,300 మాత్రమే. ఒక గేరుబాక్సు పనికో, ఇంకో పదమూడు రోజులు షెడ్డులో ఆగడానికో అది సరిపోతుంది. అంటే ఈ బండి విషయంలో ఇంజిన్ పని చేయించడం తప్పు కాదు, కానీ ఆ పనితో రోగమంతా తీరిపోతుందన్న నమ్మకం ఉంటేనే. గేరుబాక్సు కూడా ఇప్పటికే శబ్దం చేస్తుంటే నేనైతే అమ్మేస్తాను.

కొత్త బండి కొంటే తరుగుదల కింద పన్ను లెక్కలో కొంత ఊరట ఉంటుంది. ఆదాయపు పన్ను లెక్కలో మామూలు కంపెనీ బండికి ఏటా 15 శాతం, అద్దెకు తిప్పే వ్యాపారంలో ఉన్న బండికి 30 శాతం తరుగు. లాభాల్లో ఉన్న కంపెనీకి ఇది లెక్కను కొంచెం కొత్త బండి వైపు వంచుతుంది. కేవలం పన్ను కోసం కొత్త బండి కొనడం మాత్రం నాకు నచ్చదు. పన్ను ఎంత తగ్గినా, అప్పు కంతు నెలనెలా కట్టాల్సిందే.

ఏ రోగానికి డబ్బు పెట్టొచ్చు

క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బ్రేకు పని, సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు, రేడియేటర్, ఆల్టర్నేటర్, స్టార్టర్ మోటారు. ఇవి అరిగిపోయే సామానే. మార్చితే కొత్తవాటిలాగే పనిచేస్తాయి. బాడీ, ఇంజిన్ బాగున్న బండిని వీటికోసం అమ్మడం అనవసరం. ఆటోనగర్ లాంటి చోట ఈ సామాను దొరకడం ఇబ్బంది కాదు, చేసే చేతులూ ఉన్నాయి.

ఇంజిన్ దగ్గర జాగ్రత్త కావాలి. "ఇంజిన్ పని" అన్న మాటలోనే మెకానిక్ మెకానిక్‌కు అర్థం మారిపోతుంది. ఒకరు రింగులు, బేరింగులు మార్చి అదే ఇంజిన్ పని అంటారు. ఇంకొకరు బోరు కొట్టించి, క్రాంక్ గ్రైండింగ్ చేయించి, హెడ్డు పని కూడా చేస్తారు. ధరలో తేడా అక్కడే వస్తుంది. కాబట్టి ముందు నిజంగా ఏం పోయిందో తేల్చుకోండి. వేడెక్కిన ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత తీస్తే పొగ గట్టిగా ఎగదన్నుతోందంటే రింగులు, సిలిండర్లు అరిగాయని అనుమానించాలి. నీలం పొగ ఆయిల్ కాలుతోందని చెబుతుంది. వేడెక్కాక కూడా ఆగని తెల్ల పొగ కూలెంట్ లోపలికి పోతోందని, నల్ల పొగ గాలి తక్కువై డీజిల్ పూర్తిగా కాలడం లేదని చెబుతాయి. నల్ల పొగకు ఒక్కోసారి ఎయిర్ ఫిల్టరో, ఇంజెక్టరో చాలు, దానికి ఇంజిన్ విప్పక్కర్లేదు. డిప్‌స్టిక్ మీద ఆయిల్ పాలు కలిసిన టీలా కనిపిస్తే హెడ్ గ్యాస్కెట్ అనుకోవాలి. ఇవన్నీ అనుమానాలే. విప్పేముందు కంప్రెషన్ టెస్ట్ చేయించి అంకెలు రాయించుకోండి. నాలుగు సిలిండర్లలో ఒకటే తక్కువ చూపిస్తే ఒక కథ, నాలుగూ తక్కువైతే ఇంకో కథ.

ఎస్టిమేటు రెండు చోట్ల తీసుకోండి, కాగితం మీదే తీసుకోండి. తీసేసిన పాత పార్టులు తిరిగి ఇమ్మని ముందే చెప్పండి. ఇలా అడగడం మెకానిక్‌ను అవమానించడం కాదు. మంచి మెకానిక్ ఆ మాటకు ఎప్పుడూ బాధపడడు, అరిగిన రింగును తనే చూపించి చెబుతాడు.

ఇంకో దారి ఉంది, సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించడం. చవక, తొందరగా అయిపోతుంది. కానీ ఇంజిన్ నంబరు మారుతుంది. ఆర్టీఓ ఆఫీసు అనుమతి తీసుకుని ఆర్‌సీలో ఆ నంబరు ఎక్కించకపోతే తర్వాత ఎఫ్‌సీలో (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), ఇన్సూరెన్సు క్లెయిములో, అమ్మకంలో ప్రతిచోటా చిక్కే. పైగా ఆ ఇంజిన్ ఎక్కడిదో తెలియకపోతే మరీ ప్రమాదం. బిల్లు, పాత బండి కాగితాలు లేని ఇంజిన్‌ను కంపెనీ బండికి ఎక్కించనివ్వకండి.

డబ్బు పెట్టకూడని రోగాలు కూడా ఉన్నాయి. పికప్‌లకు, చిన్న లారీలకు ఓవర్‌లోడు వల్ల ఛాసిస్ మీద, ముఖ్యంగా కమాన్ కట్టలు బిగించే బ్రాకెట్ల దగ్గర, పగుళ్లు వస్తాయి. వెల్డింగ్ చేసి రంగు వేస్తారు. కొన్నాళ్లకు పక్కనే ఇంకో పగులు వస్తుంది. ఆ బండిలో మన డ్రైవరు రాత్రిపూట ఒంటరిగా వస్తాడు. ఇక్కడ నేను కిలోమీటరు లెక్క వేయను. ఛాసిస్ పగిలిన బండి, స్టీరింగ్ బాక్సు బిగించే చోట తుప్పు పట్టిన బండి, పెద్ద యాక్సిడెంట్‌లో ఫ్రేము వంగిన బండి సర్వీసు నుంచి తప్పుకోవాల్సిందే. రూపాయి మిగులుతుందని మనిషిని దాంట్లో ఎక్కించలేం. మచిలీపట్నం వైపు ఉప్పుగాలిలో తిరిగే బండ్లకు అడుగు భాగాన్ని ఏటా ర్యాంపు ఎక్కించి చూడండి. పైనుంచి రంగు బాగానే కనిపిస్తుంది.

యాక్సిడెంట్ అయితే ఒక మాట గుర్తుపెట్టుకోండి. అయిదేళ్లు దాటిన బండి ఐడీవీ, అంటే పాలసీలో రాసే బండి విలువ, మనం, ఇన్సూరెన్సు కంపెనీ ఒప్పుకున్న ధర మీద ఉంటుంది, చాలాసార్లు బాగా తక్కువ. బాగుచేసే ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే బండి పూర్తిగా పోయినట్టు లెక్కగట్టి క్లెయిము ఇస్తారు. అలాంటప్పుడు మన జేబులోంచి ఎదురు పెట్టి బాగుచేయించుకోవడం కన్నా ఆ డబ్బు తీసుకోవడమే మంచిది.

అమ్మకం, రిపేరు కాని దారులు

రెండే దారులున్నాయనుకుని టెన్షన్ పడాల్సిన పని లేదు. పాత బండిని రోజువారీ రూటు నుంచి తీసి స్టాండ్‌బైగా పెట్టుకోవచ్చు. నాలుగైదు బండ్లున్న కంపెనీకి ఒక స్టాండ్‌బై ఉంటే అద్దె బండి ఖర్చు తగ్గుతుంది. కానీ నిలబెట్టిన బండికి కూడా ఇన్సూరెన్సు, ట్యాక్సు, ఎఫ్‌సీ కట్టాలి. మూడు నెలలు కదలని బండికి బ్యాటరీ, టైర్లు పాడవుతాయి. వారానికి రెండుసార్లు పని చెప్పగలిగితేనే ఉంచుకోండి.

బండి అమ్మేసి, సొంత బండి ఉన్న డ్రైవరు ఓనరును నెలకింతని అటాచ్ చేసుకోవడం ఇంకో పద్ధతి. రూటు నికరంగా ఉన్నచోట ఇది బాగా పనిచేస్తుంది. మందులు, పాలు లాంటి సమయం తప్పకూడని సరుకైతే, ఆయన బండి ఆగినప్పుడు బదులు బండి ఎవరు పెట్టాలో కాగితం మీద రాసుకోవాలి.

మూడు, నాలుగేళ్ల బండిని సెకండ్ హ్యాండ్‌లో కొనడం నాకు అన్నిటికన్నా ఇష్టమైన దారి, కార్ల విషయంలో మరీను. ధరలో పెద్ద తరుగు అప్పటికే పాత ఓనరు భరించి ఉంటాడు. ఢిల్లీ నంబరు కారు చవకగా దొరుకుతోందని ఎవరైనా చెబితే ఎన్‌ఓసీ, ఇక్కడ కట్టాల్సిన లైఫ్ ట్యాక్సు కలిపి లెక్కేసుకోండి. ఆ చవకతనం చాలావరకు కరిగిపోతుంది. మా దగ్గరున్న మారుతి డీజిల్ కార్ల విషయంలో మాత్రం ఒక ఇబ్బంది ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 రావడంతో మారుతి డీజిల్ కార్లు ఆపేసింది. అదే కారు, అదే మైలేజీ కొత్తగా కావాలంటే లేదు, సీఎన్‌జీ వైపు చూడాలి. అందుకే బాడీ బాగున్న పాత డీజిల్ డిజైర్లకు మేం కొంచెం ఎక్కువ ఖర్చు పెట్టడానికి వెనుకాడం.

ఎప్పుడు అమ్మాలి, ఎవరికి అమ్మాలి

ఎల్లో బోర్డు బండికి ఎనిమిదేళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ. ఎనిమిదేళ్ల గీత దాటకముందు, ఎఫ్‌సీ ఇంకా కొన్ని నెలలు ఉండగా, టైర్లు సగం మిగిలి ఉండగా అమ్మితే ధర బాగుంటుంది. ఎఫ్‌సీ అయిపోయిన బండి కొనేవాడు ఆ పనికయ్యే ఖర్చుకు రెండింతలు తగ్గించి అడుగుతాడు. వైట్ బోర్డు కారుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు, తర్వాత అయిదేళ్లకోసారి రెన్యువల్. 15 ఏళ్లు దాటితే ఫీజులు బాగా పెరుగుతాయి, గ్రీన్ ట్యాక్సు కూడా ఉంటుంది. కంపెనీ కారు అంతదాకా ఉండటం అరుదే.

అమ్మేముందు పెద్ద రిపేరు చేయించకండి. 90,000 పెట్టి ఇంజిన్ పని చేయిస్తే అమ్మకం ధర అంత పెరగదు. కొనేవాడు "ఇంజిన్ విప్పిన బండి" అని ఇంకా అనుమానిస్తాడు. కానీ ఆయిల్ సర్వీసు, వాటర్ వాష్, పగిలిన లైటు, ఆగిన వైపర్, లోపల చిరిగిన సీటు కవరు ఇవి చేయించండి. వీటికి పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. మీటరు తిప్పించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. అది మోసం. సర్వీసు సెంటరు రికార్డులో అసలు అంకె ఉంటుంది కాబట్టి దొరికిపోతారు కూడా. మన నోటుబుక్కు, బిల్లుల ఫైలు కొనేవాడి ముందు పెడితే 2,40,000 కిలోమీటర్లు చూసి భయపడినవాడు కూడా కుదుటపడతాడు. ఆ ఫైలు చూసి ఇంక ధర తగ్గించమని అడగనివాళ్లు నాకు తగిలారు.

ఎక్స్ఛేంజ్ తేలిక, ఒక్క రోజులో పని అయిపోతుంది, ధర తక్కువ. ఎక్స్ఛేంజ్ బోనస్‌ను, కొత్త బండి మీద మామూలుగా ఇచ్చే డిస్కౌంటును విడివిడిగా రాయించుకోండి, లేకపోతే పాత బండికి ఎంత ఇచ్చారో ఎప్పటికీ తెలియదు. నేరుగా వాడేవాడికి అమ్మితే ధర ఎక్కువ, ఫోన్లు కూడా ఎక్కువ. నాలుగైదు బండ్లు ఒకేసారి అమ్మేటప్పుడు వేలం మంచిది.

మన డ్రైవరుకే అమ్మడం నాకు మనసుకు నచ్చే పని. బండి గుట్టు అతనికి తెలుసు, అతనికి ఒక బతుకుతెరువు అవుతుంది. మరీ తక్కువ ధరకు ఇస్తే ఆ తేడాను పన్ను లెక్కలో ఉద్యోగి ఆదాయంగా చూస్తారు, కాబట్టి ధర నిర్ణయించేముందు ఆడిటర్‌ను అడగండి. ఒక సంగతి మాత్రం ముందే చెప్పాలి. రోగం తెలిసిన బండిని రోగం చెప్పకుండా సొంత మనిషికి అంటగట్టకూడదు. పెట్టాల్సిన ఖర్చు ఎంతో లెక్కేసి, అంత తగ్గించి ఇవ్వండి.

తూకానికి వెళ్లే బండి అయితే గుజిరీ కొట్టుకు కాకుండా గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ కేంద్రానికి ఇవ్వండి. వాళ్లు ఇచ్చే డిపాజిట్ సర్టిఫికెట్‌తో కొత్త బండి ట్యాక్సులో రాయితీ ఉంది. సొంత బండ్లకు 25 శాతం దాకా, ఎల్లో బోర్డుకు 15 శాతం దాకా ఇవ్వొచ్చని కేంద్రం నిబంధన. అంతకన్నా ముఖ్యంగా ఆర్‌సీ రద్దవుతుంది. మన ఛాసిస్ నంబరు ఇంకో బండి మీద తిరగదు.

జీఎస్టీ దగ్గర చాలామంది పొరబడతారు

కంపెనీ తన పాత బండి అమ్మితే జీఎస్టీ ఉంటుంది. 2025 జనవరి 16 నుంచి పాత బండ్లన్నింటికీ 18 శాతం. కొన్నప్పుడు ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోని, అంటే అప్పుడు కట్టిన జీఎస్టీని మన పన్నులోంచి తగ్గించుకోని బండి అయితే పన్ను మొత్తం ధర మీద కాదు, మార్జిన్ మీద. తరుగుదల చూపించిన బండికి మార్జిన్ అంటే అమ్మిన ధరలోంచి ఆ రోజుకు పుస్తకాల్లో మిగిలిన విలువ తీసేస్తే వచ్చేది. ఇక్కడ లెక్క ఆదాయపు పన్ను తరుగుదల ప్రకారమే.

12,00,000 పెట్టి కొన్న కారు 15 శాతం చొప్పున ఆరేళ్లు తరిగితే పుస్తకాల్లో సుమారు 4,52,579 మిగులుతుంది. 5,00,000కి అమ్మితే మార్జిన్ 47,421, దాని మీద పన్ను 8,536. అదే 4,00,000కి అమ్మితే మార్జిన్ మైనస్‌లోకి పోతుంది, పన్ను లేదు. అమ్మిన 4,00,000 మీద 18 శాతం అంటే 72,000 కట్టాలేమో అని భయపడి అమ్మకం వాయిదా వేసిన వాళ్లున్నారు. ఆ భయం అక్కర్లేదు.

సరుకు బండ్ల కథ వేరు. వాటి మీద కంపెనీలు సాధారణంగా ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుని ఉంటాయి. అప్పుడు మార్జిన్ వెసులుబాటు ఉండదు. తీసుకున్న క్రెడిట్‌లో మూడు నెలలకు 5 శాతం చొప్పున తగ్గించగా మిగిలింది ఒకటి, అమ్మిన ధర మీద పన్ను ఒకటి, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది కట్టాలి. అయిదేళ్లు దాటిన బండికి మొదటిది సున్నా అయిపోతుంది కాబట్టి అమ్మిన ధర మీదే పన్ను పడుతుంది. కొనేవాడికి జీఎస్టీ నంబరు లేకపోతే ఆ పన్ను పైన ఇవ్వడు, ధరలోంచే పోతుంది. 2,40,000కి బేరం కుదిరితే 36,610 పన్నుగా పోయి 2,03,390 మిగులుతుంది. పైన పికప్ లెక్కలో "పన్నులు పోను చేతికి" అని రాసింది ఇందుకే. రిపేరా, అమ్మకమా అన్న పోలికలో బేరం ధర పెట్టకండి, చేతికొచ్చే ధర పెట్టండి.

ఆదాయపు పన్ను వైపు మామూలుగా అమ్మిన ధర ఆ బండ్ల బ్లాకులోంచి, అంటే ఒకే తరుగు రేటున్న ఆస్తుల మొత్తంలోంచి తగ్గుతుంది. అదే రేటులో ఇంకో ఆస్తి లేకుండా బ్లాకు ఖాళీ అయితేనో, అమ్మిన ధర బ్లాకు విలువను దాటితేనో విడిగా లాభం లెక్క వస్తుంది.

పేరు మారేదాకా బండి మీదే

నాకు బాగా మనసుకు తగిలిన అనుభవం ఇక్కడిదే. చాలా ఏళ్ల కిందట ఒక కారును బ్రోకరుకు అమ్మి, పేరు మార్పుకు కావాల్సిన ఫారం 29, 30 మీద సంతకాలు, సీలు వేసి ఖాళీగా ఇచ్చేశాను. డబ్బు వచ్చింది, సంతోషించాను. కొన్ని నెలలకు వేరే జిల్లా నుంచి చలాన్లు రావడం మొదలైంది, తర్వాత పోలీసు స్టేషన్ నుంచి ఫోను. కారు అప్పటికి ముగ్గురి చేతులు మారింది, ఆర్‌సీలో మాత్రం మా కంపెనీ పేరే. ఆ కారు ఏ మనిషికైనా తగిలి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ భయమేస్తుంది. 2018లో సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసులో స్పష్టంగా చెప్పింది. బండి ఎన్ని చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుందో యాక్సిడెంట్ పరిహారం బాధ్యత వాళ్లదే.

అందుకే ఇప్పుడు ఖాళీ ఫారంల మీద సంతకం చేయను. కొనేవాడి పేరు, చిరునామా, తేదీ నింపాకే సీలు పడుతుంది. కంపెనీ బండి కాబట్టి సంతకం చేసేవారికి అధికారం ఇస్తూ లెటరు, పాన్, బిల్లు కావాలి. ఫైనాన్సు ఉంటే ఎన్‌ఓసీ తెచ్చి, ఆర్‌సీలోంచి ఫైనాన్సు పేరును ఫారం 35తో ముందే తీయించేయాలి. అమ్మిన 14 రోజుల్లోపు ఆర్టీఓకు తెలియజేయడం మన బాధ్యత. డీలరుకు అమ్మితే అతనికి రవాణా శాఖ గుర్తింపు ఉందో లేదో చూసి, బండి డీలరుకు అప్పగించినట్టు తెలిపే ఫారం 29సీ నింపించండి. 2023 ఏప్రిల్ నుంచి ఈ పద్ధతి ఉంది, ఆ సమాచారం వెళ్లాక బండి బాధ్యత డీలరుదే. కొనేవాడి నుంచి కొంత డబ్బు డిపాజిట్‌గా పట్టి ఉంచి, పేరు మారిన ఆర్‌సీ ఆన్‌లైన్‌లో కనిపించాక లెక్క తేల్చుకోవడం నేను పెట్టుకున్న నియమం. దీనికి ఒప్పుకోనివాడికి బండి ఇవ్వను.

ఇన్సూరెన్సులో ఉన్న నో క్లెయిమ్ బోనస్ బండితో పోదు, అది కంపెనీదే. ఇన్సూరెన్సు కంపెనీ నుంచి లెటరు తీసుకుంటే మూడేళ్లలోపు అదే రకం కొత్త బండికి వాడుకోవచ్చు. 50 శాతం దాకా ఉండే ఆ బోనస్‌ను చాలా కంపెనీలు అడగకుండానే వదిలేస్తున్నాయి.

తాళం ఇచ్చే రోజు ఫాస్టాగ్ పీకేసి ఖాతా మూసేయండి. డీజిల్ కార్డు, డ్యాష్‌బోర్డు పెట్టెలో మిగిలిన డెలివరీ చలాన్లు, పక్కన కంపెనీ పేరున్న స్టిక్కరు తీసేయండి. డెలివరీ కాగితం మీద తేదీతో పాటు గంట, నిమిషం కూడా రాసి, మీటరు ఫొటో తీసి, కొనేవాడి సంతకం పెట్టించండి. ఆ సాయంత్రమే అతను బందరు రోడ్డు మీద సిగ్నల్ దాటినా, ఆ చలానా ఎవరిదో చెప్పే ఆధారం మీ దగ్గర అదే.